మా తోడికోడలి పిల్లి

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట ఇంకెవరన్నా అంటే ఊరుకోను గానీ, నా కత నేనే చెప్పుకుంటాండా, ఇంక దాచేదేముండాది. మా ఇంటాయన నన్ను ఎగతాళి చేస్తాడు, పక్కింటి బర్రె ఒక లీటరు ఎక్కువ ఇచ్చినా ఆ పూట నువ్వు అన్నం తినవు అని. అది పచ్చి అబద్ధం. బర్రెల మీద నాకు ఎప్పుడూ కుళ్ళు లేదు. మేకల మీదా లేదు. నా కుళ్ళంతా ఒక్క మనిషి మీదనే. ఆమె నా తోడికోడలు. ఆ తరువాత ఆమె పెంచుకునిన పిల్లి మీద.

మాది పత్తికొండ. బస్టాండు కాడ మాకు టిఫిను బండి ఉండాది. పొద్దున ఉగ్గాని, బజ్జీ. సాయంత్రం బజ్జీలొక్కటే. మా ఇంటాయన ట్రాలీ ఆటో తోల్తాడు, చేన్ల కాడి నుంచి టమేటా బాక్సులు మార్కెట్టుకు చేరేస్తాడు. ధర ఉన్న దినాలు మార్కెట్టుకు వచ్చినోళ్ళంతా నా బండి చుట్టూనే ఉంటారు. ధర పడిపోయి రైతులు కాయలు రోడ్డు మీద పారబోసి పోయే దినాల్లో కూడా ఉగ్గాని మాత్రం మిగలదు. బొరుగులు నానబెట్టి పిండేదాంట్లోనే ఉండాది కిటుకంతా. ఎక్కువ నానితే ముద్దయితాది, తక్కువ నానితే గొంతుకు అడ్డం పడతాది. ఈ ఊర్లో నా చెయ్యిని మించిన చెయ్యి లేదని నాకు శానా పొగరు. ఈ పొగరు సంగతి ఎందుకు చెప్తాండానంటే, గొడవంతా ఆడి నుంచే మొదలైంది.

మా మరిదికి పెండ్లయి ఆమె మా ఇంట్లోకి వచ్చినప్పుడు నా బిడ్డకు రెండేండ్లు. నాకు పెండ్లయిన తొమ్మిదేండ్లకు పుట్టిన బిడ్డ, ఒక్కతే. ఆమె డిగ్రీ చదివింది. సన్నగా పొడుగ్గా ఉంటాది, ఏ పని చేసినా చప్పుడు కాకుండా చేస్తాది. నేను గిన్నె కింద పెడితే వీధి చివర దాకా వినపడతాది. అక్కా అక్కా అని నా ఎనకాల తిరుగుతా ఉంటే మొదట్లో బాగానే ఉన్నింది. నేను తెల్లారకముందే లేసి బండికి పోతే, బిడ్డ కండ్లు తెరిచేసరికి ఆమె ఉండేది. పండ్లు తోమించేది, నీళ్ళు పోసేది, అన్నం కలిపి పెట్టేది. సాయంత్రం నేను నూనె వాసన కొడతా ఇంటికి వస్తే, నా బిడ్డ ఆమె ఒళ్ళో కూర్చుని, వచ్చినావామా అని ఒకసారి నా దిక్కు చూసి, మళ్ళ ఆ పక్కకు తిరుక్కునేది. ఆమెకు పిల్లలు కాలేదు. ఏడాది చూసినారు, రెండేండ్లు చూసినారు, డాక్టర్లను చూసినారు. పాపం అనుకోవాల్సింది పోయి నేనేమనుకున్నానంటే, ఈమెకు కాకపోతేనేం, నాదాంట్లో సగం తీసుకునింది గదా అనుకున్నా.

బిడ్డకు ఆరేండ్లు నిండినాక ఒక దినం బండి కాడ, నలుగురు గిరాకీలు తింటా ఉండంగా, చిన్నమ్మ చేసే ఉగ్గానే బాగుంటాదిమా, నీది కారం అనింది. పిల్ల మాట. గిరాకీలు నవ్వి మళ్ళ తినబట్టినారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికి పోయి, బోకులు తోముతాన్న ఆమె ముందర నిలబడి, నీకు పుట్టలేదని నా బిడ్డను కొనుక్కుంటాండావా అని అడిగినా. అదొక్కటే కాదు, ఇంకా శానా అన్నా. మిగిలినవి ఇప్పుడు రాయడానికి చెయ్యి రాలా. ఆమె తిరిగి ఒక్క మాట అనలా. చేతులు కడుక్కుని లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకునింది. నన్ను కూడా నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. రెండు దినాలు అరుచుకుని మూడో దినానికి కొత్తిమీర కట్ట అడిగి ఇప్పించుకునేటోళ్ళం. నోరు మూసుకుని ఊరందరి ముందర నన్ను చెడ్డదాన్ని చేసింది.

నెల తిరక్కుండా వాకిట్లో గోడ లేసింది. మా పక్క నాపరాళ్ళకు కరువు లేదు. నిలువు బండలు తెచ్చి ఒక్క పూటలో పాతేసినారు. ఒక వంటిల్లు రెండైంది, మాటలు నిల్చిపోయినాయి. అన్నదమ్ములిద్దరు మాత్రం మార్కెట్టు కాడ కలిసి టీ తాగేటోళ్ళు, మొగోళ్ళకు పౌరుషం ఉండదు. కింద గోడ లేసింది గానీ పైన మిద్దె ఒకటే. మిద్దె మీద కూడా గోడెందుకులే అనుకున్నాం. ఎండుమిరపకాయలు ఆరబోసేటప్పుడు మధ్యలో రాళ్ళు వరసగా పెట్టుకుని, ఈ సగం నాది, ఆ సగం నీది అన్నట్ల ఉండేటోళ్ళం.

ఆ వారంలోనే నేనొక పని చేసినా. బిడ్డను ముందర కూర్చోబెట్టుకుని, దాని చెయ్యి తీసి నా నెత్తిన పెట్టుకుని, ఆ యింటి గడప తొక్కనని ఒట్టు పెట్టమన్నా. తొక్కితే అమ్మ సచ్చిపోతాది అని కూడా చెప్పినా. మా పక్క ఒట్టంటే ఆషామాషీ కాదు. గుడి ముందర కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తే, పోలీసు స్టేషన్లో తెగని పొలం తగాదా కూడా ఆడ తెగిపోతాది. అట్లాంటి మనుషులం, పిల్లలు బలపం తిన్నా, పక్కింట్లో జామకాయ కోసినా, నా మీద ఒట్టెయ్యి అని వాళ్ళ చెయ్యి నెత్తిన పెట్టుకుంటాం. అందరమ్మలూ చేసే పనే నేనూ చేసినా. అది బిక్కమొగం వేసుకుని ఒట్టేసింది. నాకు ఆ పొద్దు కడుపు నిండినట్లయింది.

రెండేండ్ల పైన అట్లనే గడిచినాయి. పోయిన దసరా అయినాక ఆమె ఒక పిల్లికూనను తెచ్చుకునింది. తెల్లది, ఒక చెవి మాత్రం నల్లగా ఉంటాది. మిద్దె మీద బట్టలు ఆరేస్తా చూసినా. బిడ్డ పోయి పిల్లి వచ్చింది, బాగయింది తీ అని మా ఇంటాయనతో అన్నా. ఆయన నా మొగం ఒకసారి చూసి, టైర్లో గాలి చూసుకోవాలని లేసి పోయినాడు.

ఆ సంతోషం కూడా నాకు నిలబడలా. గోడ అవతల నుంచి రామ్మా, తినుమ్మా, నా బంగారూ అని వినపడేది. బంగారూ అనేది ఆమె నా బిడ్డకు పెట్టిన పిలుపు. నా బిడ్డను అట్ల పిలిస్తే ఓర్చుకోలేకపోతి. ఇప్పుడు పిల్లిని అట్ల పిలుస్తాంటే, నా బిడ్డ జాగాలో పిల్లిని కూర్చోబెడతాదా అని అదొక మంట. నవ్వుకుంటే నవ్వుకోండి. ఆదివారం కోడికూర వండితే కార్జం ఆ పిల్లికే. పొద్దున పాలలో మొదటి గిన్నె దానికే. నన్ను ఊర్లో పిల్లికి బిచ్చం పెట్టని మనిషి అంటారు, అది మాత్రం నిజమే.

బిడ్డ బడి నుంచి నాలుగున్నరకు వచ్చేది. నేను బజ్జీల బండి కట్టేసి ఏడింటికి వచ్చేదాన్ని. ఆ రెండున్నర గంటలు తాళంచెవి దాని మెడలో ఉండేది. ఇంట్లోనే కూర్చుని రాసుకున్నామా అని చెప్పేది, నేను నమ్మేదాన్ని. నమ్మేదాన్ని అని రాసినా గానీ, నమ్మలా. నీలం పావడా మీద తెల్ల వెంట్రుకలు కనపడేవి. పొద్దున బండి కాడి నుంచి వచ్చి హడావిడిలో నేను అల్లిన ఒంటి జడ సాయంత్రానికి రెండు జడలై ఉండేది, పాపిట గీత గీసినట్ల. ఎవురు వేసినారే అంటే బడిలో స్నేహితురాలు అనేది. పిల్లి కండ్లు మూసుకుని పాలు తాగినట్ల అది చెప్పేది, నేనూ కండ్లు మూసుకుని వినేదాన్ని. గట్టిగా అడిగితే నిజం చెప్తాదేమో అని నా భయం. నా నెత్తిన ఒట్టేసి కూడా ఆ యింటికి పోతాందంటే, అమ్మ సచ్చినా ఫర్వాలేదు చిన్నమ్మే కావాల అనుకునినట్లే గదా. ఆ మాట దాని నోటితో వినే ధైర్యం నాకు లేదు. పావడా దులిపి దండెం మీద వేసి గమ్మున ఉంటి.

ఎండలు ముదరతాన్న దినాల్లో ఒక ఆదివారం, తలంటు పోస్తా ఎడమ చెయ్యి ఎత్తమంటే ఎత్తలా. నేనే ఎత్తి చూస్తే చంకలో గోలికాయంత గడ్డ. ముట్టుకుంటే అరిచింది. దీన్ని మేం బిళ్ళ కట్టడం అంటాం. కాలికి పుండయితే గజ్జల్లో కడతాది, చేతికయితే చంకలో. అందుకని చెయ్యంతా వెతికినా. బొటనవేలి కింద ఎండిపోయిన సన్న గీత ఒకటి, దాని చివర ఎర్రగా మానీమానని పొక్కు. ఏందే ఇది అంటే, కంప గీసుకునిందిమా అనింది. మా ఊర్లో సర్కారు కంప లేని సందు లేదు, దాంతో గీసుకోని పిల్ల లేదు. పసుపు పెట్టి ఊరుకున్నా.

వారానికి అది నిమ్మకాయంత అయింది. పొద్దు గూకితే ఒళ్ళు కాలేది. ఆటలు మానేసి మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకునేది. ఊర్లో డాక్టరు మాత్రలిచ్చి చూసి, తగ్గకపోయేసరికి కర్నూలుకు తీసకపొమ్మన్నాడు. కర్నూలు అన్నారంటేనే మా ఊర్లో సగం ప్రాణం పోతాది.

కర్నూల్లో పిల్లల డాక్టరు వయసు మళ్ళినాయన, ఓపికస్తుడు. దగ్గుందా, బరువు తగ్గిందా, ఇంట్లో ఎవరికన్నా టీబీ ఉన్నిందా, అన్నీ అడిగి రాసుకున్నాడు. బిడ్డ చేతి మీద గీతను అద్దం పెట్టి చూసినాడు. కంప అని అది చెప్తే విని, అద్దం పక్కన పెట్టి అడిగినాడు.

“ఇంట్లో పిల్లి ఉందా అమ్మా?”

“లేదు సార్. మా ఇంట్లో పిల్లి లేదు.”

నేను చెప్పింది అబద్ధమా? మా ఇంట్లో లేదు. గోడకు ఇవతల లేదు. ఆయన బిడ్డను కూడా అడిగినాడు, ఎక్కడన్నా పిల్లితో ఆడుకుంటావా పాపా అని. అది డాక్టరు దిక్కు చూడలా. నా మొగమే చూస్తా, లేదని తల అడ్డంగా ఊపింది. అప్పుడు నాకేమనిపించిందో సిగ్గు లేకుండా చెప్తా. గెలిచినా అనిపించింది. నలుగురిలో అడిగితే నా బిడ్డ నా పక్కనే నిలబడింది అనుకున్నా. పావడా మీద వెంట్రుకలు గుర్తుకు రాలేదా అంటే వచ్చినాయి. ఆ పక్కింట్లో పిల్లి ఉండాది సార్ అంటే, నా బిడ్డ ఆమె దగ్గరికి పోతాదని నా నోటితో నేనే ఒప్పుకునినట్ల. పిల్లికీ చంకలో గడ్డకూ ఏం సంబంధంలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నా. అంత చదివినాయన ఊరికే అడగడని తెలిసేంత తెలివి నాకుండాది. అయినా చెప్పలా.

ఛాతీకి ఎక్స్‌రే తీసినారు. టీబీ ఉండాదేమోనని చేతికి సూదేసి రెండు దినాలు ఆగి చూసినారు. గడ్డలోకి సూది గుచ్చి కొంచెం తీసి పరీక్ష చేసినారు. బిడ్డ పండ్లు బిగబట్టుకునింది గానీ ఏడవలా. దేంట్లోనూ తేలలా. టీబీ కావచ్చు, కాకపోవచ్చు, ఇంకేదన్నా కూడా కావచ్చు అన్నాడు డాక్టరు. ఇంకేదన్నా అనే కాడ ఆయన గొంతు తగ్గింది, మా ఇంటాయన మొగం నల్లబడింది. మత్తిచ్చి, గడ్డను కోసి తీసి, పెద్ద పరీక్షకు పంపిస్తే తేలిపోతాది అన్నాడు. బుధవారం పొద్దున రమ్మని రాసిచ్చినాడు.

ఆ నాలుగు దినాలు నేను మొక్కని దేవుడు లేడు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్ల, జవాబు నా దగ్గరే పెట్టుకుని దేవుళ్ళను అడిగినా. వాళ్ళ దగ్గర కూడా పిల్లి మాట ఎత్తలా. బండి తెరవలా. మా ఇంటాయన మార్కెట్టు కాడికి పోయి తమ్ముడి దగ్గర కూర్చుని ఏడ్చి, డాక్టరు పిల్లి ఉందా అని అడిగిన సంగతి కూడా చెప్పినాడంట, అది నాకు తరువాత తెలిసింది.

బుధవారం పొద్దున బిడ్డకు పచ్చ గౌను తొడిగి వరండాలో తోపుడు మంచం మీద పండుకోబెట్టినారు. తెల్లారి నుంచి నీళ్ళు కూడా ఇయ్యొద్దన్నారు. అది పెదవులు తడుపుకుంటా నా చెయ్యి పట్టుకుని ఉండాది. మా ఇంటాయన మందులు తేవడానికి కిందికి పోయినాడు. అప్పుడు వచ్చింది ఆమె. మొదటి బస్సు పట్టుకుని వచ్చినట్లుండాది, దువ్వుకోని జుట్టు ముడేసుకుని, ముతక చీరతోనే. నన్ను చూసి గబగబా వచ్చి, బిడ్డకు వినపడకుండా రెండడుగులు పక్కకు పిలిచింది.

“అక్కా, బిడ్డను మా పిల్లి బరికింది. నెల పైనయింది. సారుకు చెప్పినారా?”

రెండేండ్ల పైన తరువాత నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట ఇది. జవాబియ్యాల్సింది పోయి, నీకెట్ల తెలుసు అని అడిగినా. కూన ఆడుకుంటా ఆడుకుంటా బరికిందని, నెత్తురొస్తే తానే సబ్బేసి కడిగినానని, ఆమె మెల్లగా చెప్పింది.

“నా ఒళ్ళోనే కూర్చుని ఉన్నిందక్కా. నువ్వు నన్ను ఏమన్నా అను. ఇంటికి పోయినాక అను. ముందు బిడ్డను కోయనీయొద్దు.”

ఇంకో గంటలో కోయబోయే బిడ్డ పక్కన నిలబడి నేనేం లెక్కేసుకుంటాంటినంటే, పిల్లి దాని ఒళ్ళో, అది ఈమె ఒళ్ళో. నా బిడ్డ నెత్తురు ఈమె కడిగింది, బిడ్డేమో నాకు కంప అని చెప్పింది. అదే గిర్రున తిరుగుతాంది నా తలకాయలో. నర్సు వచ్చి తోపుడు మంచం చక్రాలు సరిచేస్తాంది. నేను నోరు తెరిచి ఆగండి అంటే ఆగుతారు. ఆ ఒక్క మాట రావడానికి నాకు ఎంత సేపు పట్టిందో నేను మా ఇంటాయనకు కూడా ఇంతవరకూ చెప్పలా. నా కంటే ముందర ఆమె పోయింది. డాక్టరు గది తలుపు తట్టి, లోపలికి పోయి, సారూ, పిల్లి మాది అని గట్టిగా చెప్తాంది.

బిడ్డ ఆ మాట వినింది. సూదులకు ఏడవని పిల్ల, కోస్తారంటే ఏడవని పిల్ల, అప్పుడు భోరుమనింది. చెప్పొద్దు చిన్నమ్మా, చెప్పొద్దు అని మంచం దిగబోయింది. పిల్లిని ఏమన్నా చేస్తారని ఏడుస్తాందనుకున్నా నేను. ఒక పిల్లి మీద ఇంత ప్రేమా అని, ఆ గడియలో కూడా నాకు కుళ్ళే వచ్చింది.

డాక్టరు వచ్చి, ఆ గీతను మళ్ళ చూసి, ఆపరేషను నిలిపేయమన్నాడు. నన్ను కోప్పడలా. మొదటి దినమే అడిగినా గదమ్మా అన్నాడు, అంతే. కోప్పడి ఉంటే తల ఎత్తుకునేదాన్నేమో. అందరినీ కూర్చోబెట్టి చెప్పినాడు. పిల్లి బొచ్చులో ఎగిరి దూకే సన్న పురుగులు ఉంటాయంట. వాటి మలం పిల్లి గోర్లలో చేరుతాదంట, దాంట్లో కంటికి కనపడని క్రిమి ఉంటాదంట. ఆ గోరుతో బరికితే లోపలికి పోయి, రెండు మూడు వారాలకు గడ్డ కడతాదంట. పిల్లికి మాత్రం ఏమీ కాదు, అది నిక్షేపంగా ఉంటాది. పెద్ద పిల్లుల కంటే కూనలతోనే ఎక్కువ వస్తాదంట. ఈ జబ్బు పేరు ఇంగ్లీషులో కూడా పిల్లి బరికిన జబ్బు అనేనంట. ఇంత చదువు చదివి పేరు మాత్రం మా యవ్వ పెట్టినట్ల పెట్టినారు. కరిస్తే ఇంకో రకం క్రిమి ఉండాది, ఒక్క దినంలోనే చెయ్యి వాస్తాది, అట్లయితే ఆలస్యం చేయకుండా రావాల అన్నాడు. కుక్క కరిస్తే వేసే సూదులు పిల్లి బరికినా వేయించాల్సిందే అని అవి కూడా మొదలుపెట్టించినాడు. ఐదు దినాల మందు రాసి, నెత్తురు తీసి పట్నానికి పంపించి, మూడు వారాలు చూద్దాం, కరిగితే కత్తితో పని లేదు అన్నాడు.

ఆ పిల్లిని గోనెసంచిలో వేసి ఓర్వకల్లు గుట్టల్లో వదిలేసి వస్తానని నేను అన్నా. పిల్లి తప్పేముందమ్మా, పశువుల డాక్టరుకు చూపించి పురుగులకు మందు పట్టించండి, బరికితే వెంటనే కడిగి పెద్దోళ్ళకు చెప్పమనండి అన్నాడు. పెద్దోళ్ళకు చెప్పమనండి అనేటప్పుడు ఆయన నా దిక్కు చూసినాడో లేదో గానీ, నాకు మాత్రం చూసినట్లే అనిపించింది.

మధ్యాన్నం బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. నేను కిటికీ పక్కన, బిడ్డ మధ్యలో, ఆమె ఆ పక్కన. మా ఇంటాయన ముందర నిలబడి ఎనక్కు తిరిగి చూడకుండా ఉన్నాడు. బిడ్డకు నిద్ర పట్టింది. తల ఏ పక్కకు ఒరుగుతాదో అని నేను చూస్తాంటి. ఆమె పక్కకే ఒరిగింది. కిటికీలో నుంచి ఎండగాలి కొడతాంటే అట్ల ఒరిగిందేమో. ఆమె దాని తలను మెల్లగా ఎత్తి నా భుజం మీద పెట్టింది. దానికి ఇంకా కడుపు మండింది నాకు. నా బిడ్డను ఆమె ఇస్తే నేను తీసుకోవాల్నా? తీసుకున్నా. పత్తికొండ వచ్చేదాకా భుజం కదపలా.

నెత్తురు పరీక్షలో ఆ జబ్బే అని వచ్చింది. మూడు వారాలకు గడ్డ మెత్తబడింది, రెండు నెలలకు వేలితో వెతికినా దొరకలా. నాపరాళ్ళ గోడ ఇంకా ఉండాది. ఆమె, నేను మాట్లాడుకుంటాం, అవసరానికి. పిల్లి ఇప్పుడు పెద్దదైంది, మా వాకిట్లోకి కూడా వస్తాది. నేను తరమను, ముద్దూ చేయను. ఆమె ఉగ్గాని ఒక గిన్నెలో పెట్టి పంపిస్తే తిని చూసినా. కారం తక్కువ, బాగుండాది. నా కుళ్ళు పోయిందని చెప్తే మళ్ళ అబద్ధం చెప్పినట్లయితాది.

ఇవన్నీ తరువాతి సంగతులు. కర్నూలు నుంచి వచ్చిన దినం, ఇంటికి చేరినాక, బిడ్డకు చారన్నం కలిపి తినిపిస్తా కూర్చున్నా. ఆకలి మీద ఉండాది, గబగబా తినింది. అది తినేదాకా ఆగినా. మూతి తుడిచి అడిగినా, ఎంత బిగబట్టుకున్నా కోపం దాగలా.

“చిన్నమ్మకు చెప్తివి. నాకెందుకు చెప్పలా?”

అది తల దించుకుని గౌను అంచు మడుచుకుంటా చెప్పింది.

“నేను గడప తొక్కలేదుమా. మిద్దె మీద నుంచి దిగినా, పెరటి దిక్కు మెట్ల మీద. గడప తొక్కలా. అయినా పిల్లి బరికింది. అంటే ఒట్టు తప్పినట్లే గదా.”

నాకు ఇంకా అర్థం కాలా. దానికి చిన్నమ్మకు చెప్తే ఏం, నాకు చెప్తే ఏం అన్నా.

“నీకు చెప్తే నువ్వు సచ్చిపోతావు. చిన్నమ్మకు చెప్తే ఏం గాదు.”

నా చేతిలో చెంబు ఉండాది, దాన్ని కింద పెట్టాలని కూడా తోచలా. డాక్టరు ముందర అది నా మొగం ఎందుకు చూసిందో, చెప్పొద్దు చిన్నమ్మా అని ఎందుకు ఏడ్చిందో అప్పుడు తెలిసింది నాకు. నన్ను బతికించుకోవాలని ఆ తొమ్మిదేండ్ల బిడ్డ కోయించుకోడానికి మంచమెక్కి పండుకునింది. నేనేమో దానికి నేనంటే లెక్క లేదని రెండేండ్లు కుళ్ళి సచ్చినా. ఒట్టు తీసేసినా, అమ్మకు ఏం గాదు, అది ఉత్తుత్తి మాట అని చెప్పినా. గట్టిగా చెప్పినా, రెండు మూడు సార్లు చెప్పినా. అది నమ్మినట్ల తల ఊపింది గానీ, దాని కండ్లు నమ్మలా.

“రోజూ నువ్వు బండికి లేసే ముందర నేను లేస్తాండామా,” అనింది. “నీ ముక్కు కాడ వేలు పెట్టి చూసి మళ్ళ పండుకుంటా.”

నాకు ఏడుపు ఆగలా. దాన్ని దగ్గరికి లాక్కుని, చూపుడు వేలు పట్టుకుని నా ముక్కు కింద పెట్టుకున్నా. చూడు అన్నా. అది కండ్లార్పకుండా చూస్తా ఉన్నింది. శానా సేపు ఆ వేలు తీయలా.